మూడో పేజీలో నువ్వు దాటేసిన పేరు

కావలి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ముసలి గోల్‌కీపర్ చేతివేళ్ల వర్ణన బాగుంది. నేను వెంటనే కలం పట్టడానికి కారణం మాత్రం మూడో పేజీ. పొగాకు వ్యాపారి డబ్బు పెట్టి క్లబ్బుకు తన కంపెనీ పేరు పెట్టుకున్నాడనీ, ఆట మాత్రం అదే ఆటనీ ఒక్క వాక్యంలో చెప్పి నువ్వు ముందుకు వెళ్లిపోయావు. తరాలుగా ఒంగోలులో ఆడిన జట్టు పేరు పోతే నీ కథలో ఒక్క మనిషికైనా బాధ కలగలేదు. అది నన్ను నొప్పించింది.

1889లో పుట్టిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు మోహన్ బగాన్ 1911 జులై 29న బ్రిటిష్ సైన్యానికి చెందిన ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు జట్టును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు పోటీ గెలిచింది, ఆ పదకొండు మందిలో పదిమంది బూట్లు లేకుండా ఆడారు. అలాంటి పేరుకు ముందు 2020లో, విలీనం పేరిట, ఆరేళ్ల వయసున్న జట్టు తాలూకు 'ఏటీకే' వచ్చి కూర్చుంది. జట్టు గెలుస్తున్నా అభిమానులు దాన్ని తీసెయ్యమని అడగడం మానలేదు. 2023 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.) ట్రోఫీ గెలిచిన రాత్రే యజమాని దాన్ని తొలగిస్తున్నట్టు ప్రకటించాడు. 'సూపర్ జెయింట్' అన్న తోక మాత్రం తగిలించాడు. లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతి దొరికితే, అభిమానులు ఆ ఏడాదే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ పెట్టుకుని కింది అంచె లీగులో మొదలుపెట్టారు. ఆటగాళ్లనూ లీగులో స్థానాన్నీ పట్టుకుపోయినవాళ్లు 2007లో పాత కప్పులను, 1988 ఎఫ్.ఏ. కప్పు ప్రతిరూపంతో సహా, వింబుల్డన్ ఉన్న మెర్టన్ ప్రాంతానికి వదులుకోవలసి వచ్చింది.

పేరు ఎన్నటికీ మారకూడదని నేను అనను. 1878లో రైల్వే కార్మికులు పెట్టుకున్న న్యూటన్ హీత్ అప్పుల్లో మునిగి 1902లో మాంచెస్టర్ యునైటెడ్ అయింది. అయినా ఆ క్లబ్బు తాను పుట్టింది 1878లోనని చెప్పుకుంటుంది. మన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయినప్పుడు వచ్చిన పేరు వినోదరాయునిపాలెంలో పుట్టిన పంతులుగారిది, ఈ నేలదే. నీ వ్యాపారి పెట్టిన పేరుకు ఆ మైదానంతో ఏ సంబంధం ఉందో నీ కథ చెప్పదు.

పుణె జట్టు స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్.సి.తోనే మన ఫుట్‌బాల్ మొదలైందని నమ్మే పిల్లలు నాకు ఎదురయ్యారు. రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచిందనీ, 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చిందనీ, అదే రహీమ్ నేర్పిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇది చెప్పవలసినవాళ్లలో కథకులూ ఉన్నారు.

నా తొలి కథల్లో ఒకటి ఉదయగిరి పక్క పల్లె మీద రాశాను. ఒక సంపాదకుడు ఊరి పేరు కొట్టేసి 'ఒక మారుమూల గ్రామం' అని అచ్చువేశాడు; అడిగితే, ఊరి పేరు పాఠకుడికి అడ్డం అన్నాడు. ఆ పల్లెవాళ్లు కథ చదివి అది తమదని పోల్చుకోలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ అలాగే ఉంది. ఏ ఊరో, ఏ సంవత్సరమో తెలియని కథలకు విశ్వజనీనత అంటగట్టి బహుమతులిచ్చే ఈనాటి పద్ధతి ఆ సంపాదకుడి నుంచి వచ్చిందే. నువ్వు ఆ దారి పట్టకు. నీ కథలో క్లబ్బు పాత పేరు ఒక్కసారి కూడా లేదు, గమనించావా?

కథను పోటీకి పంపే సంగతి తర్వాత చూద్దాం. ఎవరిని చూసి ఆ గోల్‌కీపర్‌ను రాశావో ఆ పెద్దాయన దగ్గరకు మళ్లీ వెళ్లు. పాత జెర్సీ మీద ఏమి రాసి ఉండేదో, మొదటి బంతికి చందాలు ఎవరిచ్చారో, పేరు మార్చిన నాడు పాత ఆటగాళ్లను సమావేశానికి పిలిచారో లేదో అడిగి, ఆయన మాటల్లోనే రాసుకో. తర్వాత మూడో పేజీ తిరగరాసి నాకు పంపు.