చారలు చూసి కొన్న చేప

ఈసారి ఉత్తరాల్లో పెద్ద సైజు ఆఫ్రికన్ సిక్లిడ్ల (అక్వేరియంలో పెంచే ఒక రకం ఆఫ్రికా మంచినీటి చేపలు) గురించి అడిగినవాళ్లే ఎక్కువ, అందుకే మూడు ఉత్తరాలకి కాస్త వివరంగా రాస్తున్నా.

ప్రశ్న: సార్ నమస్తే. నాది 3 అడుగుల ట్యాంక్, వెడల్పు ఎత్తు రెండూ అడుగున్నర. పోయినేడాది నాలుగు ఫ్రంటోసాలు, ఒక వీనస్టస్, నల్ల చారలున్న పసుప్పచ్చ చేప ఇంకోటి తెచ్చా, అప్పుడు అన్నీ రెండంగుళాలే, ముద్దుగా ఉండేవి. ఇప్పుడు ఆ చారల చేప జానెడైంది, ట్యాంకంతా దానిదే, ఫ్రంటోసాలు హీటర్ వెనక నక్కి ఉంటున్నాయి, తోకలు చిరిగిపోయాయి, మొన్న ఒకటి చచ్చిపోయింది. ఇంకొన్ని రాళ్లు పెడితే సర్దుకుంటాయా?

జవాబు: సర్దుకోవండీ, రాళ్లతో తీరేది కాదిది. ముందు ఆ చారల చేపని ఇవాళే వేరు చేయండి, ఇంకో ట్యాంక్ లేకపోతే మధ్యలో ప్లాస్టిక్ జాలీ గట్టిగా అడ్డం పెట్టండి, నీళ్లు మాత్రం రెండువైపులా తిరగాలి. మీరు చెప్పినదాన్ని బట్టి అది బుట్టికోఫెరి అయ్యుంటుంది, జీబ్రా టిలాపియా అని కూడా అంటారు. చిన్నప్పుడు చారలు చూసి ఇదీ ఫ్రంటోసా లాంటిదేలే అని కలిపేస్తుంటారు, చారలు తప్ప రెండింటికీ పొంతనే లేదు. బుట్టికోఫెరి పశ్చిమ ఆఫ్రికా నదుల చేప, లైబీరియా, సియెర్రా లియోన్ వైపుది, గబగబా పెరిగి అడుగు దాకా వస్తుంది, పెద్దదయ్యాక తన చోట్లోకి ఇంకో చేప వస్తే అస్సలు ఊరుకోదు. దానికి విడిగా పెద్ద ట్యాంక్ ఇచ్చి ఒక్కదాన్నే పెంచితే మాత్రం చాలా తెలివైన చేప, మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వచ్చేస్తుంది, కాబట్టి దాన్ని చెడ్డ చేప అనుకోకండి.

ఫ్రంటోసాది వేరే లోకం. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు 1,470 మీటర్ల లోతు, అందులో లోతున ఉండే రాతి వాలుల దగ్గర ఇవి గుంపులుగా తిరుగుతాయి, ఈదడం మెల్లగా, తినడం మెల్లగా, పెరగడం అంతకన్నా మెల్లగా. మగది అడుగు దాటుతుంది, నుదుటి మీద మూపురం వస్తుంది, బాగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్లు మనతోనే ఉంటుంది. నెమ్మదిగా ఉంది కదా అని చిన్న చేపల్ని మాత్రం కలపొద్దు, సరస్సులో ఇది తెల్లవారుజామున ఇంకా మత్తు వదలని చిన్న చేపల్నే పట్టుకు తింటుంది, నోట్లో పట్టే సైజుదేదైనా మీ ట్యాంక్‌లో కూడా పొద్దున్నకి ఉండదు.

ఇక చోటు సంగతి. మీ ట్యాంక్‌లో పట్టేది సుమారు 190 లీటర్లు. ఒక మగది, నాలుగైదు ఆడవి ఉండే ఫ్రంటోసా గుంపుకి 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు కావాలి, అంటే దాదాపు 680 లీటర్లు. నీళ్ల బరువే 680 కిలోలు, అద్దం రాళ్లు ఇసుక స్టాండు కలిపితే టన్నుకి దగ్గర పడుతుంది, పై అంతస్తులో పెట్టేముందు ఇంటి కట్టుబడి తెలిసినవాళ్లని అడగండి. అంత చోటు కుదరకపోతే ఫ్రంటోసాల్ని పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకి ఇచ్చేయడమే వాటికి మీరు చేసే మేలు, చెప్పడానికి నాకూ బాధగానే ఉంది కానీ పదిహేనేళ్లు హీటర్ వెనక బతకడం ఏ చేపకైనా నరకం కదా. వీనస్టస్ కూడా మలావీ సరస్సులో వేటాడే చేప, పెరిగాక పదంగుళాలుంటుంది, ఫ్రంటోసా నోరు తెరిచేలోగా మేతంతా లాగించేస్తుంది, దాన్నీ వేరు చేయండి. చిరిగిన తోకలకి మందులేవీ అక్కర్లేదు, కొట్టే చేప పోయి నీళ్లు శుభ్రంగా ఉంటే మామూలుగా వాటంతటవే పెరుగుతాయి, అంచులు కుళ్లినట్టు తెల్లబడితేనే వైద్యం ఆలోచించాలి.

ప్రశ్న: ఆఫ్రికన్ సిక్లిడ్లకి నీళ్లలో ఉప్పు వేయాలంటున్నారు, ఎంత వేయాలి?

జవాబు: వంట ఉప్పు వద్దండీ. ఈ సరస్సుల నీళ్లు ఖనిజాలు కరిగిన క్షార నీళ్లు, ఉప్పు నీళ్లు కావు. అక్కడ ఉండేది కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్లు, వంట ఉప్పు అవేవీ ఇవ్వదు. మీ నీళ్లు ఈ ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్లైతే ఫిల్టర్‌లో చిన్న సంచిలో పగడపు ముక్కలు వేసి ఉంచండి, మెల్లగా కరిగి పీహెచ్ (నీళ్ల క్షార గుణం చెప్పే కొలత) 8 దరిదాపుల్లో నిలబెడతాయి, ఇప్పటికే గట్టి నీళ్లైతే అదీ అక్కర్లేదు.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. పీహెచ్ పెరిగేకొద్దీ, చేపల రెట్ట నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు, 8 అయితే సుమారు 5 శాతం, 9 అయితే మూడో వంతు దాటుతుంది. అందుకే వేరే చేపలకి చెల్లిపోయే మురికి వీటికి చెల్లదు. పెద్ద ఫిల్టర్ పెట్టి, అందులో అమ్మోనియాని తినేసే బ్యాక్టీరియా కుదురుకున్నాకే చేపల్ని వదిలి, వారానికి 30 శాతం నీళ్లు క్లోరిన్ తీసేసి మార్చండి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ప్రశ్న: అన్నా, మా లివింగ్‌స్టోనీ చేప రోజూ ఇసుక మీద పక్కకి పడిపోయి కదలకుండా ఉంటోంది, చచ్చిందని వల వేస్తే తుర్రుమని పారిపోయింది. ఏమైనా జబ్బా?

జవాబు: జబ్బు కాదు తమ్ముడూ, వేట. మలావీ సరస్సులో ఇది చచ్చిన చేపలా ఇసుక మీద పడుకుంటుంది, ఒంటి మీద మచ్చలు కూడా కుళ్లిన శవంలాగే ఉంటాయి, చిన్న చేపలు కొరికి చూద్దామని దగ్గరికి రాగానే టక్కున పట్టేస్తుంది. వలతో కెలకొద్దు, నేనూ ఒకసారి ఇలాగే కంగారుపడి ఒక ఆడ సిక్లిడ్‌ని వల వేసి వెంటపడితే నోట్లో దాచుకున్న గుడ్లన్నీ ఉమ్మేసింది, మలావీ సిక్లిడ్లలో ఆడవి మామూలుగా మూడు వారాలు తిండి మానేసి పిల్లల్ని నోట్లోనే మోస్తాయని అప్పటికి నాకు తెలీదు, ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

నీది నటనో జబ్బో తేల్చుకోవాలంటే మేత వెయ్యి. లేచి వచ్చి తింటే బాగున్నట్టే. లేవకుండా పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలా రెట్ట వేస్తూ, మొప్పలు గబగబా ఆడిస్తుంటే అది బ్లోట్ అనే పొట్ట జబ్బు కావచ్చు, మేత ఆపి, నీళ్లు మార్చి, అదే రోజు చేపల జబ్బులు తెలిసినవాళ్లకి చూపించు. గొడ్డు మాంసం, కోడి మాంసం లాంటివి పెడుతుంటే మానెయ్, వాటి కొవ్వు ఈ చేపలకి అరగదు.