జ్యూస్ కంపెనీ పెట్టాలంటే డిగ్రీ కావాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. అమెరికాలో చాక్లెట్ కంపెనీ పెట్టిన మిల్టన్ హెర్షీ నాలుగో తరగతితోనే బడి మానేశాడని, ఆస్తినంతా పిల్లల బడికి రాసిచ్చాడని చదివాను. నేనూ ఇంటర్ అవగానే జ్యూస్ కంపెనీ పెట్టి, తండా ఆడపిల్లలకు హాస్టల్ కట్టాలనుకుంటున్నాను. డిగ్రీ అవసరమా?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ హాస్టల్ ఆలోచన వదులుకోకు.

హెర్షీ బడి మానేశాడు గానీ పని నేర్చుకోకుండా కంపెనీ పెట్టలేదు. టీనేజీలోనే లాంకాస్టర్‌లో ఒక మిఠాయి వ్యాపారి దగ్గర చేరి నాలుగేళ్లు పని నేర్చుకున్నాడు. అయినా ఫిలడెల్ఫియాలో ఒకసారి, న్యూయార్క్‌లో ఒకసారి వ్యాపారం మునిగింది. అందులో అమ్మ వైపు బంధువుల డబ్బూ పోయింది. మధ్యలో డెన్వర్‌లో పనికి కుదిరినప్పుడు, కారమెల్ అనే చక్కెర మిఠాయిలో తాజా పాలు కలిపే పద్ధతి పట్టుకున్నాడు. ఆయన్ను నిలబెట్టింది అదే. ఆ పద్ధతితో పెట్టిన కారమెల్ కంపెనీని 1900లో 10 లక్షల డాలర్లకు అమ్మి పూర్తిగా చాక్లెట్‌లోకి దిగాడు.

మీ బత్తాయి సంగతి చూడు. పిండిన వెంటనే తియ్యగా ఉండే రసం కొన్ని గంటలకు చేదెక్కుతుంది. లిమోనిన్ అనే పదార్థం వల్ల అలా అవుతుంది, వేడి చేస్తే ఇంకా త్వరగా వస్తుంది. సీసాలో నెలల తరబడి నిలవాల్సిన జ్యూస్‌కు ఇది పెద్ద చిక్కు. దీన్ని ఎలా దాటాలో ఫుడ్ టెక్నాలజీలో నేర్పుతారు. అందుకే డిగ్రీ చెయ్యమంటున్నాను. నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. హర్యానాలోని కుండ్లీ, తమిళనాడులోని తంజావూరులో ఉన్న నిఫ్టెమ్ అనే జాతీయ ఫుడ్ టెక్నాలజీ సంస్థల్లో బీటెక్ సీటుకు జేఈఈ మెయిన్ రాయాలి. వేసవి సెలవుల్లో ఏదైనా పండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో పని చెయ్యి, జీతం తక్కువైనా సరే. నాన్న తోటను మాత్రం తాకట్టు పెట్టించకు.

ఇక హాస్టల్. హెర్షీ దంపతులకు పిల్లలు లేరు. అనాథ బాలుర కోసం 1909లో బడి పెట్టేనాటికి ఆయనకు 52 ఏళ్లు. 1918లో కంపెనీలో తన వాటాను బడి ట్రస్టుకు రాసిచ్చాడు. ఏటా చేతికొచ్చింది పంచి ఊరుకోలేదు, లాభం తెచ్చే షేర్లనే ఇచ్చాడు. అందుకే 1945లో ఆయన పోయాక కూడా బడి ఆగలేదు. అక్కడ ఈనాటికీ చదువు, వసతి ఉచితం. నీ హాస్టల్‌కూ ఇలాంటి ఏర్పాటే కావాలి.

టెన్షన్ పడకుండా ఒక పని చెయ్యి. ఈసారి కోతలప్పుడు గింజ, తెల్లతొక్క తగలకుండా తీసిన రసం ఒక గ్లాసులో, మామూలుగా పిండింది ఇంకో గ్లాసులో పెట్టు. ఏది ఎన్ని గంటలకు చేదెక్కిందో నోట్‌బుక్‌లో రాసి, నాకు పంపు.