రాతి మీద గీసిన తేనెపిట్ట

ప్రశ్న: పల్లావరం శుక్రవారం సంతలో పాత కాగితాల మధ్య ఒక తేనెపిట్ట బొమ్మ దొరికింది. అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో 'ప్రకృతిని చూసి, రాతి మీద గీసినది ఇ. గౌల్డ్' అని ఉంది. రాతి మీద గీయడమేమిటి? ఈ గౌల్డ్ ఎవరు? ఇది అసలుదేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు భూతద్దం పెట్టి చూడండమ్మా. రంగు చుక్కలు వరుసల్లో కనిపిస్తే అది ఈ కాలపు ఆఫ్‌సెట్ నకలు. గరుకు గోడ మీద సుద్ద రుద్దినట్టు గీత పొడిపొడిగా ఉండి, రంగు పైన బ్రష్‌తో వేసినట్టుంటే రాతి అచ్చు కావచ్చు. అప్పుడు లామినేషన్ మాత్రం చేయించకండి.

ఇ. గౌల్డ్ అంటే ఎలిజబెత్ గౌల్డ్. పెళ్ళికి ముందు ఒక ఇంట్లో పిల్లలకు చదువు చెప్పేవారు. 1829లో పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్‌ను పెళ్ళాడారు. హిమాలయాల నుంచి లండన్ చేరిన పక్షుల ఎండు చర్మాలు చూసి ఒక పుస్తకానికి 80 ప్లేట్లు, అంటే నిండు పుట బొమ్మలు, గీశారు. ఒక హిమాలయ తేనెపిట్ట శాస్త్రనామంలో ఆవిడ పేరే ఉంది. ఎనిమిదో కాన్పు తర్వాత 1841లో పోయారు, 37 ఏళ్ళకే. ఆ పుస్తకం మాత్రం భర్త పేరు మీద వచ్చింది.

రాతి అచ్చును 1796 ప్రాంతంలో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టారు. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు. కొంచెం యాసిడ్ కలిపిన తుమ్మజిగురు పూసి, తర్వాత నీళ్ళతో తడుపుతారు. సిరా రోలర్ దొర్లిస్తే జిడ్డున్నచోటే సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. ఆడవాళ్ళకు ఇది ఎంత పెద్ద మార్పో నాకు రాయి ముట్టుకున్నాకే అర్థమైంది. అంతకుముందు అచ్చు బొమ్మల కోసం రాగిరేకు మీద చెక్కాలంటే వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి పని నేర్చుకోవాలి. ఆడవాళ్ళకు ఆ తలుపులు దాదాపు మూసే ఉండేవి. రాయికి అదేమీ అక్కర్లేదు. కాగితం మీద గీయడం వస్తే చాలు, గీసిన చెయ్యే అచ్చవుతుంది. కాకపోతే కుడిఎడమలు తారుమారు చేసి గీయాలి, చెయ్యి రాతికి తగలకూడదు. చదువుకునే రోజుల్లో నేను మూడు రోజులు కూర్చుని గీసిన కాకి పక్కన నా అరచేతి జిడ్డు కూడా అచ్చయింది. ఆ ప్రింట్ ఇప్పటికీ దాచుకున్నాను.

ఇది రాస్తుంటే లేడీ గ్విల్లిమ్ గుర్తొస్తున్నారు. 1801లో జడ్జి భార్యగా మద్రాసు వచ్చి, మన తెలుగు నేర్చుకుని, ఇక్కడి పక్షులను నీటిరంగుల్లో వందకు పైగా గీశారు. 1807లో ఇక్కడే చనిపోయారు. అప్పటికి రాతి అచ్చు ఇంకా మన దేశానికే రాలేదు. ఆ బొమ్మలు 1920లలో లండన్‌లో బయటపడేదాకా వాటి గురించి ఎవరికీ తెలియదు. ఇప్పుడు కెనడాలో, మెక్‌గిల్ యూనివర్సిటీలో ఉన్నాయి. మద్రాసులో ఒక్క రాయి ఆవిడకు దొరికి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో!

మీ బొమ్మకు ఫ్రేమ్ కట్టించేటప్పుడు దగ్గరుండండి. షాపువాళ్ళు అందం కోసం అంచులు కత్తిరించేస్తుంటారు. ఇ. గౌల్డ్ పేరు ఉన్నది ఆ అంచులోనే.