రోడ్డు మీద బతికే తాగుబోతుకు మందు దొరక్కపోతే ఫిట్స్ ఎందుకు వస్తాయి?

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషికి మందు ఒక్కసారిగా ఆగిపోవడమే ఆ ఫిట్స్‌కు కారణం. మద్యం మెదడును మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. మందు ఆగగానే ఆ ఉద్రేకానికి కళ్లెం ఉండదు. మొదట చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఫిట్స్ సాధారణంగా 6 నుంచి 48 గంటల్లో వస్తాయి. కొందరికి 2 నుంచి 4 రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఒంగోలు బస్టాండు దగ్గర పడుకుని, మూటలు మోసి బతికే ఒకతను ఉన్నాడనుకోండి. తుఫాను వానలకు రెండు రోజులు పని లేదు, చేతిలో డబ్బుల్లేవు, మందూ లేదు. మూడో రోజు గాల్లోకి చూస్తూ ఎవరితోనో మాట్లాడతాడు. చూసినవాళ్లు గాలి సోకిందంటారు, లేదా పూటుగా తాగాడని పక్కకు తప్పుకుంటారు. ఇంట్లో ఉండేవాడికైతే భార్యో తల్లో కనిపెడతారు, ఇతనికి ఎవరున్నారు? పైగా సరైన తిండి లేక బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అందుకే ఆసుపత్రిలో గ్లూకోజుతో సరిపెట్టకుండా బి1 ఇంజెక్షన్ కూడా ఇస్తారు.

చాలామంది పొరబడేది ఇంకోచోట: డబ్బులివ్వకపోతే వాడే మానేస్తాడు, మంచిదే కదా అనుకుంటారు. మానడం మంచిదే, కానీ ఇంత అలవాటైన మనిషి డాక్టరు పర్యవేక్షణలో, మందులతో మానాలి. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయాలి. మాన్పించడం గురించి అడగడానికి 14446 హెల్ప్‌లైన్ నంబరు ఉంది.