నాన్నకి ధైర్యం చెప్పే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నాన్నగారికి ఊపిరితిత్తుల కాన్సర్ నాలుగో స్టేజి అని తేలినప్పటి నుంచీ ఇంటిల్లిపాదీ "ఏం కాదు, తగ్గిపోతుంది" అంటున్నారట. ప్రేమకొద్దీ అంటున్నారని తెలుసు. అయినా ఆ మాట మానేయండి. స్కాన్ రిపోర్టు బీరువాలో దాచి, వరండాలో గుసగుసలాడుకుంటే మంచం మీద మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసినా మీరు ఏడుస్తారని ఆయనా బయటపడరు. అలా ఎవరి భయం వాళ్లే మోస్తుంటారు.

ఇద్దరే ఉన్నప్పుడు "డాక్టరు గారు చెప్పినదాంట్లో నీకేం అర్థమైంది నాన్నా? ఇంకా తెలుసుకోవాలనుందా?" అని అడుగు. అడిగాక ఊరుకో. చాలామంది ఆ మౌనం భరించలేక తామే జవాబు చెప్పేస్తారు. వద్దంటే ఆ పూటకి వదిలేయి. కావాలంటే అడిగినంత మేరకే చెప్పు. డాక్టరు 'ఎనిమిది నెలలు' అన్నారనుకో, ఈ జబ్బున్నవాళ్లలో సగం మంది అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారని కూడా దానర్థం. అది గడువు కాదని వివరించు.

తరవాత, ఈ నెలలో ఆయనకి ఏం చేయాలనుందో కనుక్కో. మనవరాలి ఓణీల ఫంక్షనో, ఊళ్లో గుడికి వెళ్లడమో. ఆశ నిలబడేది అలాంటి దగ్గరి కోరికల మీదే. కీమో 21 రోజులకోసారి అయితే మామూలుగా రెండో వారంలో తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి, జనంలోకి తీసుకెళ్లకూడదు. డాక్టర్ని అడిగి ప్రయాణం మూడో వారంలో పెట్టుకోండి. థర్మామీటరు వెంట ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలకి చేరిందా, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి ఉంటే ఏ మాటా చెవికెక్కదు. మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు నాలుగు గంటలే పనిచేస్తుంది, అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా డాక్టరు రాసిన వేళకి ఇవ్వాలి. అలవాటైపోతుందని మీరు సగం మాత్రలు ఎగ్గొడితే బాధ ఆయనది. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు కనుక విరేచనం మందు మొదటి రోజు నుంచే అడగండి.

పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, దిగులు లాంటి బాధలు తగ్గించే వైద్యం, అనగానే చేతులెత్తేశారని భయపడకు. 2010లో అమెరికాలో ఇదే జబ్బున్న 151 మందిని పరిశీలిస్తే, మొదటి నుంచీ ఆ వైద్యం కూడా అందినవాళ్లలో దిగులు తక్కువ, బతికిన కాలమూ ఎక్కువ. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

"ధైర్యంగా ఉంటే నయమవుతుంది" అని మాత్రం ఎవర్నీ అననివ్వకు. రేపు స్కాన్ బాగా రాకపోతే తప్పు తనదేనని మీ నాన్న అనుకుంటారు. రెండు వారాలుగా దేని మీదా మనసు పెట్టకపోతే డాక్టరుకి చెప్పు, ఆ దిగులుకీ మందుంది.

ఈసారి ఓపీకి వెళ్లేటప్పుడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లు. మొదటిది ఆయన్నే రాయమను.

పెద్దమ్మ