ఫోల్డర్ పేరులో # ఉంటే డేటాబేస్ దొరకదు

అన్నా, టెన్షన్ పడకండి, మీ స్టాక్ డేటా ఎక్కడికీ పోలేదు. అమీర్‌పేట ఫోల్డర్‌లో బాగానే నడిచిన ప్రోగ్రాం, ఫైల్‌ను "కోఠి#2" ఫోల్డర్‌లోకి మార్చగానే "నో సచ్ టేబుల్" అంటోందన్నారు కదా. తంటా అంతా ఆ # గుర్తుతోనే.

మీ కోడ్‌లో ఎస్‌క్యూలైట్‌కు (డేటా అంతా ఒకే ఫైల్‌లో దాచే డేటాబేస్) ఇచ్చిన పాత్, అంటే ఫైల్ ఉన్న చోటు, "ఫైల్:" అని మొదలవుతోంది, అంటే అది యూఆర్ఐ, వెబ్ అడ్రస్ లాంటి రాత. అందులో # తర్వాత ఏమున్నా ఎస్‌క్యూలైట్ పట్టించుకోదు. దానికి కనిపించేది "డి:/బిల్స్/కోఠి" వరకే. ఆ పేరుతో ఫైల్ లేదు కాబట్టి కొత్తది పుట్టించి, అందులో టేబుల్ లేదని చెబుతోంది. బిల్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, కోఠి పేరుతో సున్నా బైట్ల ఫైల్ ఒకటి ఉంటుంది. రీడ్ ఓన్లీ (చదవడానికి మాత్రమే) మోడ్ పెట్టినా కొత్త ఫైల్ ఎలా వచ్చిందని అడిగారు. ఆ మోడ్ రాసింది కూడా # తర్వాతే కదా, అదీ గాల్లో కలిసిపోయింది.

ఫోల్డర్‌ను "కోఠి_2" చేసి, కోడ్‌లోనూ మార్చేయండి. పేరు మార్చడం కుదరదంటే # బదులు %23 రాయండి, యూఆర్ఐలో # గుర్తును అలాగే రాస్తారు. మీది పైథానే కాబట్టి దానితోనే వచ్చే పాత్‌లిబ్ లైబ్రరీలోని యాజ్_యూఆర్ఐ ఆ పని తనే చేసిపెడుతుంది, నేనైతే అదే వాడతాను. ఆ ఖాళీ ఫైల్‌ను తీసేసే ముందు మాత్రం సైజు సున్నానే అని ఒకసారి చూసుకోండి.