సైన్స్ పాఠంగా చెబితే బాగా వస్తుందా, ప్రయోగాలతోనా?

కొత్తగా టీచరైన మీరు అడిగింది ఇదే కదా: పాఠం చెప్పాలా, ప్రయోగం చూపించాలా, పిల్లలతోనే చేయించాలా అని. హైస్కూల్లో చాలాకాలంగా ఫిజిక్స్ చెబుతున్నాను. నేను చూసినంతవరకు అసలు తేడా తెచ్చేది ఒక్కటే, జవాబు తెలియకముందే పిల్లలు తమ ఊహ ఏమిటో బయటపెట్టారా లేదా అన్నది.

ఉదాహరణకి ఒకే రకం బల్బులు రెండింటిని బ్యాటరీకి శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపామనుకోండి. స్విచ్ వేసేముందు "ఏది ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు?" అని నోట్సులో రాయమంటాను. చాలామంది మొదటి బల్బే అని రాస్తారు, కరెంట్ అక్కడ కొంత ఖర్చయిపోయి రెండోదానికి తక్కువ మిగులుతుందట. ఓమ్ నియమం లెక్కలు చకచకా చేసేవాళ్లు కూడా ఇలాగే రాస్తారు! కాసేపు పక్కవాళ్లతో వాదించుకోనిచ్చి అప్పుడు స్విచ్ వేస్తాను. రెండూ ఒకేలా వెలిగేసరికి "అదెలా మేడం?" అని వాళ్లే అడుగుతారు, ఆ ఊపులోనే కరెంట్ కొలిచే అమ్మీటరును మొదటి బల్బుకి ముందు, తర్వాత, రెండో బల్బు దాటాక కలిపి చూపిస్తే రీడింగు అన్నిచోట్లా ఒకటే ఉంటుంది, అప్పుడు "వెలుగుగా, వేడిగా మారేది శక్తి, కరెంట్ తరిగిపోదు" అని చెబితే బుర్రకెక్కుతుంది.

ఇదే ప్రయోగాన్ని ఏమీ అడగకుండా చూపిస్తే సరదాగా చూస్తారు, పరీక్షలో మళ్లీ మొదటి బల్బే అని రాస్తారు. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లకి, అసలు చూడనివాళ్లకి అర్థం చేసుకోవడంలో పెద్ద తేడా లేదు, ముందే ఊహించి చూసినవాళ్లు మాత్రం మెరుగ్గా ఉన్నారు.

అలాగని సామాన్లు చేతికిచ్చి "మీరే కనిపెట్టండి" అని వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. అంశం కొత్తగా ఉన్నప్పుడు తీగలు, మీటరు, గ్రూపులో గొడవ, వీటన్నిటితో పాటు సూత్రం కూడా వాళ్లే పట్టుకోవాలంటే పిల్లల బుర్ర అంత మొయ్యలేదు. కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు 2006లో గట్టిగా వాదించింది కూడా ఇదే. చురుకైనవాళ్లు ఇద్దరు పని కానిచ్చేస్తే మిగతావాళ్లు రీడింగులు కాపీ కొట్టుకుంటారు. కాబట్టి టీచరు వివరించి చెప్పడం తప్పకుండా కావాలి, కాకపోతే ప్రశ్న పుట్టాక కావాలి.

ఒక విషయానికి ముందే సిద్ధంగా ఉండండి. ఇలా చెబితే "మేడం పాఠమే చెప్పట్లేదు" అని ఇంటికెళ్లి కంప్లైంట్ చేస్తారు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే చూశారు, తామే ఆలోచించి పని చేసిన విద్యార్థులకు టెస్టులో మార్కులు ఎక్కువ వచ్చాయి, అయినా తక్కువ నేర్చుకున్నామనే వాళ్లకి అనిపించింది. సాఫీగా సాగే లెక్చర్ వింటే అంతా అర్థమైనట్టే ఉంటుంది మరి. అందుకే నేను సంవత్సరం మొదట్లోనే ఈ సంగతి పిల్లలకీ, తల్లిదండ్రులకీ విడమరిచి చెప్పేస్తాను.

సిలబస్ పూర్తవదేమో అని టెన్షన్ వద్దు. పాఠానికి ఒక్క మంచి ప్రశ్న చాలు, పిల్లలు ఎక్కువగా పొరబడే చోటే అడగండి, మిగతా భాగం మామూలుగా చెప్పుకుంటూ వెళ్లిపోండి. వారం తర్వాత అదే ప్రశ్నను కొంచెం మార్చి, పుస్తకం మూయించి రాయించండి, ఎవరికి నిజంగా పట్టుబడిందో అప్పుడు తెలుస్తుంది.